నల్లజాతి అమెరికన్లు, మనసు బాధలు, ఆత్మహత్యల నివారణ: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఒక మాట. ఇది చదువుతున్న మీకే ఇప్పుడు బతుకు మీద విరక్తిగా ఉంటే మిగతాదంతా తర్వాత చదవచ్చు. అమెరికాలో ఉంటే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మాట్లాడే ఓపిక లేకపోతే అదే నంబరుకి మెసేజ్ పెట్టండి. ఇండియాలో ఉంటే 14416, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

నేను డాక్టర్ని కాదు. అట్లాంటా పక్కన ఉంటాను, పగలంతా సాఫ్ట్‌వేర్ పని, ఒక మూడేళ్ళు వారానికో రాత్రి క్రైసిస్ లైన్‌లో, అంటే మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసే హెల్ప్‌లైన్‌లో, వాలంటీరుగా ఫోన్లు ఎత్తాను. ఆ ఫోన్లలో విన్నవి ఇక్కడ రాయను, రాయకూడదు. మనవాళ్ళు పాట్‌లక్కుల్లోనో ఆఫీసు కాఫీ దగ్గరో అడిగే ప్రశ్నలకి నేను ఎప్పుడూ చెప్పే జవాబులే ఇవి.

ఇది వాళ్ళ గొడవ కదా, మనకెందుకు?

మనం ఇళ్ళు కొనుక్కున్న అట్లాంటా, హ్యూస్టన్, డల్లాస్, షార్లెట్ అన్నీ వాళ్ళు కూడా ఉన్న ఊళ్ళే. పిల్లల స్కూలు బస్సు డ్రైవర్, అమ్మ వచ్చినప్పుడు బీపీ చూసిన నర్సు, మన మేనేజరు, మన పక్క సీటు. 1965లో ఇక్కడ వలస చట్టం మారి మన ముందు తరం డాక్టర్లూ ఇంజినీర్లూ విమానం ఎక్కగలిగారంటే దాని వెనక నల్లజాతివాళ్ళు నడిపిన పౌరహక్కుల పోరాటం ఉంది. ఆ అప్పు సంగతి పక్కన పెట్టినా, రోజూ ఎదురయ్యే మనిషి ఒకరోజు తేడాగా మాట్లాడితే ఏం చేయాలో తెలిసి ఉండాలి కదా, అంతే.

ఏ మాట వాడాలి?

బ్లాక్ అమెరికన్లు, నల్లజాతివాళ్ళు, ఏదైనా పర్వాలేదు. మనవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు "కల్లూ" (నల్లోడు అనే వెక్కిరింపు) అంటారే, అది మాత్రం వద్దు. వాళ్ళకి అర్థం కాదులే అనుకుంటారు, చాలామందికి ఎప్పుడో అర్థమైపోయింది.

వాళ్ళంతా ఒకటే అనుకోవద్దు కూడా. బానిసత్వం నాటి నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాలు వేరు, నిన్నగాక మొన్న నైజీరియా నుంచి హ్యూస్టన్‌కి వచ్చిన వాళ్ళు వేరు, మయామీ హెయితీవాళ్ళు, మినియాపొలిస్ సొమాలీవాళ్ళు వేరు. ఒకరి బాధకి పనికొచ్చిన మాట ఇంకొకరికి పనికిరాకపోవచ్చు.

ఇంకో మాట, ఇది మన భాషలోదే. పేపర్లో "ఆత్మహత్యకి పాల్పడ్డాడు" అని రాస్తారు. పాల్పడటం అనేది దొంగతనానికి, మోసానికి, దాడికి వాడే క్రియ. ఇండియాలో 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్తుడిగా కాదు, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడమన్నారు. మన క్రియ మాత్రం ఇంకా పోలీస్ స్టేషన్లోనే ఉంది. "ఆత్మహత్యతో చనిపోయాడు" అంటే సరిపోతుంది.

నల్లజాతివాళ్ళలో ఆత్మహత్యలు తక్కువ అంటారు, నిజమేనా?

సగం నిజం. 2021 లెక్కల్లో లక్ష మందికి తెల్లవాళ్ళలో 17.4 మరణాలు, నల్లవాళ్ళలో 8.7, అమెరికా ఆదివాసుల్లో (నేటివ్ అమెరికన్లలో) అన్నిటికంటే ఎక్కువ, 28.1. ఇంతవరకు చూసి ఊపిరి పీల్చుకుంటారు చాలామంది. కానీ 2018 నుంచి 2021 దాకా తెల్లవాళ్ళలో ఆ రేటు కాస్త తగ్గితే నల్లవాళ్ళలో 7.3 నుంచి 8.7కి పెరిగింది. 10 నుంచి 24 ఏళ్ళ మధ్య పిల్లల్లో, యువతలో 8.2 నుంచి 11.2కి, అంటే 36 శాతం పైగా, అదీ మూడే మూడేళ్ళలో.

"మనలో అలాంటివి ఉండవు, అది తెల్లవాళ్ళ జబ్బు" అనే మాట వాళ్ళ ఇళ్ళల్లో చాలాకాలంగా ఉంది. బానిసత్వం దాటాం, లించింగులు (తెల్లవాళ్ళ గుంపులు పట్టుకుని చంపేయడాలు) దాటాం, దీనికి పడిపోతామా అనే గర్వం అందులో ఉంది, దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే అలాంటివి ఉండవు అనుకున్న ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. నా మటుకు నాకు అసలు ప్రమాదం ఆ అడగకపోవడంలోనే కనిపిస్తుంది.

చిన్నపిల్లల గురించి ఏదో విన్నాను?

విన్నది నిజమే, చదివితే నిద్ర పట్టదు. 2018లో ఒహాయో పిల్లల ఆసుపత్రి పరిశోధకుడు జెఫ్రీ బ్రిడ్జ్ బృందం 2001 నుంచి 2015 దాకా మరణాల లెక్కలు తీసి చూస్తే, 5 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో నల్లపిల్లల ఆత్మహత్య రేటు తెల్లపిల్లల కంటే దాదాపు రెట్టింపు ఉంది. ఈ వయసులో ఇలాంటి మరణాలు మొత్తమ్మీద చాలా అరుదు, అది గుర్తుపెట్టుకోవాలి, కానీ తేడా తేడానే. పదమూడు దాటాక ఆ తేడా తిరగబడుతుంది.

ఆ తర్వాతి ఏడాది, 2019లో, అమెరికా కాంగ్రెస్‌లో (అంటే ఇక్కడి పార్లమెంటులో) న్యూజెర్సీ సభ్యురాలు బానీ వాట్సన్ కోల్‌మన్ నాయకత్వంలో అక్కడి నల్లజాతి సభ్యుల బృందం దీని మీద అత్యవసర టాస్క్ ఫోర్స్ వేసింది. దానికి నిపుణుల వైపు నుంచి ప్రొఫెసర్ మైకేల్ లిండ్సే పనిచేశాడు. డిసెంబరులో వచ్చిన నివేదిక పేరే "గంట మోగించండి" అన్న అర్థంలో ఉంటుంది. పరిశోధనకి డబ్బు ఇవ్వండి, స్కూళ్ళలో కౌన్సిలర్లని పెట్టండి అని అడిగారు.

స్కూలు అన్నాను కాబట్టి ఇంకోటి. పిల్లాడికి డిప్రెషన్ వస్తే మూలన కూర్చుని ఏడుస్తాడని మనం అనుకుంటాం. చాలామంది పిల్లల్లో అది కోపంగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా, టీచర్‌కి ఎదురు చెప్పడంగా బయటికొస్తుంది. తెల్లపిల్లాడు అలా చేస్తే "ఏదో బాధలో ఉన్నాడు", నల్లపిల్లాడు చేస్తే "పొగరు". 2011-12 విద్యాశాఖ లెక్కల్లో ప్రీస్కూల్ పిల్లల్లో నల్లపిల్లలు 18 శాతమే, ఒకటికి మించి సస్పెన్షన్లు పడ్డవాళ్ళలో మాత్రం 48 శాతం. ప్రీస్కూల్ అంటే నాలుగేళ్ళ పిల్లలండీ! షూ లేసు కట్టుకోవడం రాని వాడికి సస్పెన్షన్.

అంటే అన్నిటికీ కారణం రేసిజమేనా?

కాదు. ఒక మనిషి ప్రాణం తీసుకోవడానికి ఒకే కారణం ఉండటం దాదాపు ఎప్పుడూ ఉండదు. డిప్రెషన్, తాగుడు, అప్పులు, విడాకులు, నిద్ర లేకపోవడం, దగ్గరి మనిషి చావు, ఎవరికైనా ఉండేవే వాళ్ళకీ ఉంటాయి. వీటి మీద రోజువారీ అవమానం ఒక పొర అదనంగా పడుతుంది. షాపులో వెనకాలే నడిచే సెక్యూరిటీ, రోడ్డు మీద కారు ఆపిన పోలీసు, ఇంటర్వ్యూలో మారిన మొహం. కులం అంటే ఏంటో తెలిసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, అవమానం మనసుని ఏం చేస్తుందో మనకి వేరే చెప్పాలా.

మరి డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళరు?

ఈ ప్రశ్న అడిగే తీరులోనే కొంచెం నింద ఉంటుంది, "వెళ్ళొచ్చు కదా" అని. వెళ్ళినవాళ్ళకి ఏం జరిగిందో చూడాలి ముందు.

1851లో లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు బానిసలు పారిపోవడం ఒక మానసిక రోగం అని రాశాడు. దానికి డ్రాపెటోమేనియా అని పేరు కూడా పెట్టాడు, వైద్యంలో కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. 1911లో మేరీలాండ్‌లో నల్లజాతి మానసిక రోగుల కోసమని క్రౌన్స్‌విల్‌లో ఆసుపత్రి మొదలైంది, అడవి కొట్టి ఆ భవనాలు కట్టింది ఆ రోగులే. హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ పేరు విని ఉంటారు, ఆమెని అడక్కుండా తీసిన కణాలతో ప్రపంచమంతా ప్రయోగాలు చేశారు, ఆమె కూతురు ఎల్సీ 1955లో అక్కడే చనిపోయింది, ఆ పిల్లకి పదిహేనేళ్ళు. ఆ ఆసుపత్రి మూతపడింది 2004లో. 1932 నుంచి 1972 దాకా అలబామా రాష్ట్రం టస్కీగీలో ప్రభుత్వ డాక్టర్లు ఏం చేశారో తెలిసిందే, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళకి పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు.

ఇదంతా పాత కథ కాదా అంటే, కాదు. డిప్రెషన్, బైపోలార్ లక్షణాలతో వచ్చిన నల్లజాతి రోగికి స్కిజోఫ్రీనియా అనే వేరే జబ్బు ఉందని రాసేయడం ఎక్కువని ఇప్పటి పరిశోధనల్లోనూ తేలుతోంది. 2021లో అమెరికాలోని సైకియాట్రిస్టుల సంఘం, సైకాలజిస్టుల సంఘం రెండూ తమ వృత్తి చేసిన జాతి వివక్షకి క్షమాపణ చెప్పాయి. క్షమాపణ మంచిదే. కానీ అమ్మమ్మ చెప్పిన కథ మనవరాలి చెవిలో అలానే ఉంటుంది.

మంచి వైద్యం దగ్గరికి వస్తే మాత్రం వెళ్ళారు. 1946లో న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెంలో ఒక చర్చి బేస్‌మెంటులో లఫార్గ్ మానసిక వైద్య క్లినిక్ తెరిచారు, ఫీజు పావు డాలరు, అది లేనివాళ్ళకి ఉచితం. రచయిత రిచర్డ్ రైట్ దాని వెనక నిలబడ్డాడు, డాక్టర్లు జీతం లేకుండా సాయంత్రాలు వచ్చి చూసేవాళ్ళు, 1958 దాకా నడిచింది. కాబట్టి "వాళ్ళు రారు" అనే మాట నేను ఒప్పుకోను.

ఇంట్లో ఎందుకు చెప్పుకోరు? కుటుంబాలు గట్టివి కదా?

మన ఇళ్ళల్లో "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అంటారు కదా. వాళ్ళ ఇళ్ళల్లో "ఈ ఇంట్లో జరిగింది ఈ ఇంట్లోనే ఉండాలి" అంటారు. రెండూ ఒకే బీరువా తాళాలు.

ఆడవాళ్ళ మీద ఇది ఇంకా ఎక్కువ. స్ట్రాంగ్ బ్లాక్ వుమన్ అనేది ఒక బిరుదులాగా ఇస్తారు, తీసుకున్నాక దింపడానికి ఉండదు. పిల్లలు, తల్లిదండ్రులు, చర్చి, రెండు ఉద్యోగాలు, అన్నీ ఆవిడే. మన దగ్గర "భూదేవంత ఓర్పు" అని పొగుడుతాం చూడండి, సరిగ్గా అదే. 2019 మిస్ యూఎస్ఏ, లాయరు, టీవీ యాంకరు అయిన చెస్లీ క్రిస్ట్ 2022 జనవరిలో ఆత్మహత్యతో చనిపోయినప్పుడు వాళ్ళమ్మ ఏం చెప్పిందంటే, కూతురు డిప్రెషన్‌ని అందరి దగ్గరా దాచింది, చివరి రోజుల దాకా అమ్మ దగ్గర కూడా దాచింది అని. పనులన్నీ చక్కగా చేసుకుంటూనే లోపల కూలిపోతున్న మనుషులు ఉంటారు.

నా టీమ్‌లో ఒకాయన ఉండేవాడు. ఎప్పుడు ఎలా ఉన్నావన్నా "బ్లెస్డ్, మ్యాన్, బ్లెస్డ్" అనేవాడు. నేనూ నవ్వి నా సీటుకి వెళ్ళిపోయేవాణ్ణి. క్రైసిస్ లైన్ ట్రైనింగ్ అయ్యాక ఒకరోజు ఆ జవాబు తర్వాత వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాను, "అది సరే, నిద్ర పడుతోందా?" అన్నాను. ఆయన కాఫీ మెషీన్ బటన్ మీద వేలు అలానే పెట్టి, కప్పు నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. నిద్ర పట్టక నాలుగు నెలలైందట.

చర్చి సాయం చేస్తుందా, అడ్డమా?

రెండూ. ప్రార్థన చేసుకో పోతుంది, విశ్వాసం తక్కువైతేనే ఇలా అవుతుంది అనే పాస్టర్లు ఉన్నారు, మనకి జాతకం చూపించు, ఫలానా పూజ చేయించు అనేవాళ్ళు ఉన్నట్టే. మరోపక్క, వారం వారం నీ మొహం చూసే మూడొందల మంది ఉన్న చోటు అది, నువ్వు రెండు వారాలు కనపడకపోతే ఎవరో ఒక ఆంటీ ఫోన్ చేస్తుంది, అంతకంటే మంచి హెల్ప్‌లైన్ ఏముంది. అందుకే ఆత్మహత్యల నివారణ సంస్థలు చర్చితో గొడవ పడటం మానేసి పాస్టర్లకి ట్రైనింగ్ ఇస్తున్నాయి, సోల్ షాప్ అనే కార్యక్రమంలో నల్లజాతి చర్చిల కోసమే ఒక విభాగం ఉంది. థెరపీ, ప్రార్థన రెండూ ఉండొచ్చు, షుగర్ మాత్ర వేసుకుంటూ గుడికి వెళ్ళట్లేదా మనం.

బార్బర్ షాపుల గురించి ఎప్పుడూ చెప్తుంటారు, ఏంటది?

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

2016లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో లొరెంజో లూయిస్ అనే ఆయన కన్ఫెస్ ప్రాజెక్ట్ అని మొదలుపెట్టాడు. బార్బర్లకి వినడం నేర్పిస్తారు, మాటల్లో తేడా పట్టుకోవడం, ఎదుటివాడిని తీసిపారేయకుండా మాట్లాడటం, ఎక్కడికి పంపాలో చెప్పడం. డాక్టర్ ఆరునెలలకోసారి పది నిమిషాలు చూస్తాడు. బార్బర్ రెండు వారాలకోసారి ముప్పావు గంట, మెడ మీద చెయ్యేసి, పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నాడు.

నేను కటింగ్‌కి వెళ్ళే షాపు నల్లజాతివాళ్ళదే. శనివారం పొద్దున కిటకిటలాడుతుంది, టీవీలో ఫుట్‌బాల్, క్లిప్పర్ల రొద, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. ఒకసారి కుర్చీలో ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, "ఈసారి నీట్‌గా చెయ్ పెద్దాయనా, మళ్ళీ రానులే" అన్నాడు. అందరూ నవ్వారు, ఊరు మారుతున్నాడేమో అనుకున్నాం. బార్బర్ నవ్వలేదు. క్లిప్పర్ ఆపాడు. కుర్చీని అద్దం వైపు నుంచి గోడ వైపు తిప్పాడు, కుర్రాడి మొహం మాకెవరికీ కనపడకుండా. వంగి ఏదో అడిగాడు. తర్వాత టవల్ తీసి భుజాన వేసుకుని, లైన్లో ఉన్న మాతో "ఇవాళ లేటవుతుంది, ఉండేవాళ్ళు ఉండండి" అని, ఆ కుర్రాడిని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఎవరూ లేవలేదు. నలభై నిమిషాలు టీవీ సౌండు తగ్గించి కూర్చున్నాం. ఆ తర్వాత ఏమైందో నేను అడగలేదు, అది నా విషయం కాదు. మూడు నెలల తర్వాత అదే కుర్చీలో ఆ కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉండటం మాత్రం చూశాను.

ఏం చూసి అనుమానించాలి?

"మళ్ళీ రాను" లాంటి మాటలు. నేను లేకపోతే అందరికీ హాయి, నేను భారం, అనడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం. నిద్ర పూర్తిగా పోవడం లేదా రోజంతా పడుకోవడం. తాగుడు పెరగడం. మనుషుల్ని తప్పించుకోవడం. ఎన్నాళ్ళో కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోతే "అమ్మయ్య, తేరుకున్నాడు" అనుకుంటాం, అప్పుడు ఇంకోసారి అడగాలి. మగవాళ్ళలో చిరాకు, కోపం, పిచ్చి స్పీడులో కారు నడపడం కూడా గుర్తులే.

సూటిగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవదా?

అవదు. దీని మీద చాలా పరిశోధన జరిగింది, అడగడం వల్ల ఆలోచన పుట్టదని తేలింది, కొందరికి బరువు దిగినట్టు కూడా ఉంటుంది.

డొంకతిరుగుడుగా వద్దు. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే అవతలి మనిషికి "లేవు" అనడం తప్ప దారి ఉండదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మామూలు గొంతుతో అడగండి. అవతలి మనిషితో ఇంగ్లీషులో అయితే "ఆర్ యూ థింకింగ్ అబౌట్ సూసైడ్?" అని ఆ మాటే వాడండి. అవునంటే కంగారు పడొద్దు, లెక్చర్ వద్దు, "నీకేం తక్కువ", "పిల్లల మొహం చూడు" అసలే వద్దు. వినండి. ఒంటరిగా వదలకండి. కలిసి 988కి ఫోన్ చేయండి, స్పీకర్ పెట్టి పక్కన కూర్చున్నా చాలు.

911కి చేయాలా, 988కి చేయాలా?

మనం అలవాటుగా 911, అంటే పోలీసు, అంబులెన్సుల నంబరు, కొట్టేస్తాం. నల్లజాతి ఇంట్లో ఆ ఫోన్ చేయడానికి ఎందుకు భయపడతారో తెలియాలంటే ఒక్క పేరు చాలు. 2018 మేలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో మార్కస్ డేవిడ్ పీటర్స్ అనే 24 ఏళ్ళ బయాలజీ టీచర్, మానసిక స్థితి తప్పి, ఒంటి మీద బట్టల్లేకుండా, చేతిలో ఏమీ లేకుండా రోడ్డు మీద ఉన్నాడు, పోలీసు కాల్చి చంపాడు. ఆ కుటుంబం ఊరుకోలేదు, 2020లో ఆ రాష్ట్రంలో మార్కస్ అలర్ట్ చట్టం వచ్చింది, ఇలాంటి ఫోన్లకి మానసిక వైద్యం తెలిసినవాళ్ళు వెళ్ళాలని. అదే ఏడాది డెన్వర్‌లో పోలీసు లేకుండా వ్యాన్‌లో కౌన్సిలర్, పారామెడిక్ వెళ్ళే పద్ధతి మొదలైంది.

కాబట్టి మాట్లాడే టైమ్ ఉంటే ముందు 988. ఇప్పటికే ఒంటికి హాని జరిగిపోయి ఉంటే 911 తప్పదు, అప్పుడు "ఇది మానసిక అత్యవసరం, ఆయుధం లేదు, క్రైసిస్ ట్రైనింగ్ ఉన్న ఆఫీసర్ కావాలి" అని ముందే, స్పష్టంగా చెప్పండి. ఆయుధం ఉంటే లేదని మాత్రం చెప్పకండి.

988కి చేస్తే ఇంటికి పోలీసులు వస్తారా? వీసాకి ఏమైనా అవుతుందా?

నూటికి తొంభై ఎనిమిదికి పైగా ఫోన్లు మాటలతోనే ముగుస్తాయి. ప్రాణం పోయే పరిస్థితి ఎదురుగా ఉండి, వేరే దారి లేనప్పుడే ఎమర్జెన్సీ వాళ్ళని పంపుతారు. పేరు చెప్పక్కర్లేదు, ఇన్సూరెన్స్ అడగరు, వీసా అడగరు. 2022 జులై 16న ఈ మూడంకెల నంబరు మొదలైంది. తెలుగువాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి, ఫోన్లో "తెలుగు" అని అడిగితే దుబాసీని కలుపుతారు, కొంచెం ఆగాల్సి వస్తుంది. మెసేజ్ అయితే ఇంగ్లీషు, స్పానిష్ మాత్రమే.

ఇంట్లో తుపాకీ ఉంటే?

ఉందా అని అడగండి, సిగ్గుపడొద్దు, ఈ దేశంలో అది మామూలు ప్రశ్న. ఆ మనిషి తేరుకునేదాకా ఇంట్లోంచి బయట ఉంటే మేలు, కుదరకపోతే తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర. మిగిలిపోయిన మందులూ అంతే. ఆ తీవ్రమైన ఘడియ చాలాసార్లు నిమిషాల్లోనో గంటల్లోనో దాటిపోతుంది, ఆ కాస్త సేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి మిగులుతాడు.

నల్లజాతి థెరపిస్టే కావాలంటే దొరుకుతారా?

కష్టమే. జనాభాలో దాదాపు 14 శాతం వాళ్ళుంటే సైకాలజిస్టుల్లో 5 శాతం దాకానే. "నా చర్మం సంగతి మొదటి నుంచి వివరించాల్సిన పని లేని మనిషి" కావాలనుకోవడం న్యాయమైన కోరికే. 2014లో డాక్టర్ జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫోర్డ్ అట్లాంటాలోనే థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్ మొదలుపెట్టింది, ఊరి పేరు కొడితే థెరపిస్టుల జాబితా వస్తుంది. నటి తరాజీ పి. హెన్సన్ 2018లో వాళ్ళ నాన్న పేరు మీద బోరిస్ లారెన్స్ హెన్సన్ ఫౌండేషన్ పెట్టింది, ఆయన వియత్నాం యుద్ధం నుంచి మనసు చెడి తిరిగొచ్చినవాడు. ఆఫీసులో ఈఏపీ (ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సాయం) ఉంటే ముందు అది వాడమని చెప్పండి, కొన్ని సెషన్లు ఉచితం.

ఇప్పటికే ఒకరు పోయిన ఇంటికి వెళ్తే ఏం మాట్లాడాలి?

"ఎలా జరిగింది" అని అడగొద్దు. "ముందే తెలియలేదా" అని అసలు అడగొద్దు, ఆ ప్రశ్న వాళ్ళు రోజూ వాళ్ళనే అడుక్కుంటున్నారు. పోయిన మనిషి పేరు పలకండి, అందరూ ఆ పేరు తప్పించుకుంటూ తిరుగుతుంటారు ఆ ఇంట్లో. అంత్యక్రియల తర్వాత జరిగే భోజనాన్ని వాళ్ళు రిపాస్ట్ అంటారు, పిలిస్తే వెళ్ళండి, ఖాళీ చేతులతో వెళ్ళొద్దు, పులిహోర పట్టుకెళ్ళినా తింటారు, నేను పట్టుకెళ్ళాను. మొదటి వారం ఇల్లంతా జనమే. మీరు మూడో వారం, నాలుగో వారం వెళ్ళండి, అప్పటికి వంటింట్లో ఇతరులు తెచ్చిన గిన్నెలు కడిగి పెట్టి ఉంటాయి, ఎవరివో తెలియక.